తుండు కింది మాట

మా నాయన పోయాడు. నేటికి ఇరవై దినాలు. పొద్దు పొడిచి ఆవులకు కుడితి పెట్టే వేళ, తన మంచం మీదే, నేను పోసిన నీళ్ళు రెండు గుక్కలు మింగి కళ్ళు మూసుకున్నాడు. ధర్మపురి నుంచి కారిమంగళం దాకా పశువుల సంతలకు పోయే రైతుల్లో దళారిగా ఆయన్ను ఎరగనివాళ్ళు తక్కువ. కబురు అందక రాలేకపోయినవాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళకు తెలిపేటందుకు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఈ పక్క మన తెలుగు అక్షరాలు చదివేవాళ్ళు కొందరే. చదివినవాళ్ళు చదవలేనివాళ్ళకు చెప్పండి.

రాద్దామని కూర్చుంటే పెద్ద సంగతులేవీ గుర్తుకు రాలేదు. ఒక పొద్దు గుర్తుకొచ్చింది. దాదాపు పదిహేను నెలల కిందటిది. ఆ దినం పండగా కాదు, ఇంటికి చుట్టమూ రాలేదు.

కోడి కూతకు లేచి వాకిట కల్లాపి చల్లాను. నాయన అప్పటికే మంచం మీద లేచి కూర్చుని, కట్టె కోసం చేత్తో తడుముకుంటున్నాడు. రెండేళ్ళుగా ఆయనకు ఒంటికి పోవడం కష్టంగా ఉండేది. పశువుల కొట్టం వెనక గోడ పట్టుకుని చాలాసేపు నిలబడేవాడు. ఆ సేపంతా నేను బావిలో నీళ్ళు చేదేదాన్ని. గిలకకు నూనె వేయనిచ్చేదాన్ని కాదు. అది కిర్రుమంటున్నంతసేపూ తన అవస్థ ఎవరికీ వినిపించడం లేదని ఆయనకు నెమ్మది. ఈ సంగతి మేమిద్దరం ఎన్నడూ అనుకున్నది కాదు. ఆయన నిలబడేవాడు, నేను చేదేదాన్ని. తొట్టి నిండి పొర్లి, బెండ మొక్కల దాకా పారేది.

ఆ పొద్దు నాలుగు చేదలు తోడేసరికే వచ్చేశాడు.

"ఏమి పాపా, తొట్టి నిండనే లేదే?" అన్నాడు నవ్వుతూ.

నాకప్పటికి యాభై మూడేళ్ళు. నన్ను పాపా అని పిలిచేది ఆయనొక్కడే.

తరువాత ఎడ్ల దగ్గరికి పోయి రెండింటి మెడలూ నిమిరాడు. ఆవు చెవి వెనక గోకాడు. పశువుకు నోరు లేదని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. "నోరు దానికి ఉండాది. చెవి మనకు లేదు" అనేవాడు. పశువును వేలు పెట్టి చూపించడం ఆయనకు గిట్టదు. కొనేవాడు ఎంత పెద్ద రైతైనా సరే, చెయ్యి చాచితే, "చెయ్యి దించప్పా, అది నిన్ను చూపిస్తా ఉండాదా?" అనేవాడు.

నేను తానం చేసి దీపం వెలిగించి, నాలుగు నామాలు చెప్పుకుని, తులసి నీళ్ళు తీసుకుని వచ్చాను. మరదలు రాగి అంబలి చెంబులో పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి ఇచ్చింది. ఎప్పటిలాగే నేను సీసా మూత తీసి, తెల్లటి చిన్న మాత్ర ఒకటి నాయన అరచేతిలో వేశాను.

"వాతం మాత్ర" అన్నాను. రోజూ అనే మాటే.

ఆయన దాన్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి చూశాడు. నా ముఖం చూశాడు. అంబలితో మింగాడు.

ఆ తరువాత వీపుకు ఆముదం రాయడం నా పని. చేతిలో నూనె పోసుకుని వెళితే, భుజం మీది తుండుగుడ్డను రెండు చేతులా ఎదకు అదుముకున్నాడు.

"వద్దులే పాపా. ఈ పొద్దు నేనే పూసుకుంటాను."

"వీపుకు చెయ్యి అందదు కదా నైనా?"

"అందినంత అందుతుంది. నువ్వు పో."

తుండు ఎదకు తగలగానే ఆయన ముఖం ముడుచుకుంది. నేను చూడనట్టు లేచాను. చేతిలో నూనె అట్లాగే ఉంది. పోయి ఆవు కొమ్ములకు రాశాను.

ఆ మాత్ర వాతానిది కాదు.

అంతకు రెండు నెలల ముందు నాయన మంచం మీద పక్కకు తిరగలేకపోయేవాడు. నడుమూ తుంటీ పట్టుకుని పళ్ళు కొరికేవాడు. అరిచేవాడు కాదు. ఎడ్లు బెదురుతాయట. తమ్ముడూ నేనూ బొగ్గుతో నడిచే బస్సులో సేలం తీసుకుపోయాము. తొప్పూరు కనుమలో బస్సు కుదుపుకు ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ గోళ్ళ గుర్తులు నాలుగు దినాలు ఉన్నాయి.

సేలంలో డాక్టరు పరీక్ష చేసి, ఎముకల ఫోటో తీయించి, మా ఇద్దరినీ బయటికి పిలిచాడు. తమిళంలో నెమ్మదిగా, మాకు తెలిసేలా చెప్పాడు. ఒంటికి పోయే దారి దగ్గర, మగవాళ్ళకు మాత్రమే ఉండే గ్రంథిలో పుండు పుట్టింది. అది ఎముకలోకి పాకింది. కోసి తీసే దశ దాటిపోయింది. అయితే ఈ పుండు మగవాడి వృషణాల్లో ఊరే సారాన్ని తిని పెరుగుతుంది. ఆ సారాన్ని ఆపితే పుండు వాడుతుంది, చావదు. కొన్నాళ్ళు నొప్పి తగ్గుతుంది. ఎన్నాళ్ళని అడిగితే, ఏడాది కావచ్చు, ఎక్కువా కావచ్చు, తక్కువా కావచ్చు అన్నాడు.

దానికి రెండు దారులు. ఒకటి, కత్తితో ఆ రెండింటినీ తీసేయడం. రెండోది, ఆడవాళ్ళ ఒంట్లో ఊరే రసం చేసే పనినే చేసే కొత్త మాత్ర. దినమూ తినాలి. తింటే ఎద పొంగుతుంది, నొస్తుంది. కాళ్ళు నీరు పట్టవచ్చు. గుండెకు బరువు.

"ఆయనకు నేను చెప్పనా?" అని అడిగాడు డాక్టరు.

"మేము చెప్పుకుంటాము సార్" అన్నాడు తమ్ముడు.

బస్టాండులో తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. నాయన బల్ల మీద దుప్పటి మడత వేసుకుని కూర్చున్నాడు.

"అక్కా, కత్తి మాట ఎత్తనే వద్దు. మాత్ర తినిపిద్దాం. కానీ ఏమి మాత్రో చెప్పొద్దు. సంతలో మీసం తిప్పుకొని నిలబడిన మనిషి. ఆడదాని మందు అని తెలిస్తే రోగంతో కాదు, సిగ్గుతో పోతాడు."

నేనేమీ అనలేదు. మాట్లాడకపోవడం నాకు పుట్టుకతో వచ్చింది. ఆ దినం అది అబద్ధమైంది.

రోజూ దీపం పెట్టిన చేత్తోనే ఆ అబద్ధాన్ని ఆయన అరచేతిలో వేశాను. మాత్ర పని చేసింది. పది దినాలకు పక్కకు తిరిగాడు. నెలకు లేచి కూర్చున్నాడు. తరువాత కట్టె పట్టుకుని కొట్టం దాకా నడిచాడు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను గాని, క్షమించమని అడగాల్సిన చోట అడగలేదు.

ఆ పొద్దు ఆయన తుండు అదుముకున్న తీరు చూశాక, తమ్ముడు చేని నుంచి ఎప్పుడొస్తాడా అని చూశాను. వచ్చీ రాగానే చెప్పాను.

"నాయనకు తెలిసిపోయింది."

"ఎట్లా తెలిసింది? నువ్వు చెప్పినావా?"

"ఆయన దళారిరా. ఆయనకు ఒకరు చెప్పాలా?"

సాయంత్రం పొద్దు వాలేటప్పుడు నాయన మమ్మల్ని ముగ్గురినీ పిలిచాడు, తమ్ముడినీ మరదలినీ నన్నూ. పెరట్లో చింతచెట్టు నీడ కొట్టం మీదికి ఎక్కుతోంది. ఆయన మంచం మధ్యలో కూర్చున్నాడు. మేము కింద కూర్చున్నాము.

"అరవై ఏండ్లు సంతలో నేను చేసిన పని ఏమిరా?" అని తమ్ముణ్ణి అడిగాడు.

"ఏమి నైనా?"

"దాచిన లోపం కనిపెట్టేది. కొమ్ము రాచి వయసు తగ్గించినోణ్ణి పట్టినాను. కుంటి కాలుకు బురద పూసినోణ్ణి పట్టినాను. నా ఎద నాకు దినదినమూ పొంగుతా ఉంటే తెలియదా? వాతానికి ఎద పొంగేది ఏ ఊళ్ళోరా?"

తమ్ముడు తల దించుకున్నాడు.

"డాక్టరు చెప్పింది నాకు చెప్పు. అమ్మేవాడు పశువు ఒంటి మీది చెడ్డ సుడి దాచినట్టు ఏదీ దాచొద్దు."

తమ్ముడు చెప్పాడు. పుండు, ఎముక, కత్తి, మాత్ర, అన్నీ. వాడు ఆగినచోట నేను అందుకున్నాను. నాయన ఆవు వైపు చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక, "అంటే కోడెను ఎద్దు చేసేదే కదా" అన్నాడు.

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"నవ్వమ్మా, పరవాలేదు. కాడి మోసేది ఎద్దే. కోడె కుమ్మేదానికి తప్ప దేనికి?" అన్నాడు. తరువాత గొంతు దిగింది. "నొప్పి తగ్గింది నిజం. అది కాదనను. ఇదీ నొస్తా ఉండాది. చొక్కా తగిలితే ఓర్చుకోలేను. కాళ్ళు సాయంత్రానికి బరువెక్కతాయి. సిగ్గు కూడా ఉండాది. లేదని మీతో ఎందుకు అబద్ధం చెప్పేది? మీరు చెప్పిన అబద్ధమే చాలు."

"తప్పయిపోయింది నైనా" అన్నాడు తమ్ముడు.

"తప్పే. సరే, ఇప్పుడు బేరం. మూడు దారులు. మాత్ర మానేసేది, మాత్ర తినేది, కత్తికి పోయేది. మీరేమంటారు?"

"నీ ఇష్టం నైనా."

"ఎద్దు ఇష్టం అడిగి ఎవరురా సంతకు పోయేది? సేలం పోయి మాత్ర తెచ్చేది నువ్వు. అంబలి కాచేది ఈమె. ఒళ్ళు తుడిచేది పాప. మోసేవాళ్ళు మీరు. చెప్పండి."

మరదలు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు నా వైపు చూశాడు.

"నోటితో అడిగితే మీరు చెప్పరు" అన్నాడు నాయన. "ఒకరి ముఖం ఒకరు చూస్తారు. దగ్గరికి రండి."

భుజం మీది తుండు తీసి తన కుడిచేతి మీద కప్పాడు.

సంత ఎరగనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. పశువుల బేరం మా వైపు నోటితో జరగదు. దళారి చేతి మీద తుండు కప్పుకుంటాడు. కొనేవాడు తుండు కింద చెయ్యి పెట్టి, ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. తరువాత అమ్మేవాడూ అంతే. చుట్టూ వందమంది నిలబడినా ఎవరు ఏమన్నదీ దళారికి ఒక్కడికే తెలుసు. "దళారి రెండు పక్కలా చెయ్యి పట్టాలి, ఒక్క పక్కా నోరు విప్పరాదు" అనేవాడు నాయన. కొనేవాడు ఎంత తక్కువ అడిగాడో అమ్మేవాడికి చెప్పక, ఎవరి మానం వాళ్ళకు నిలిపి, ఇద్దరినీ ఒక చోటికి తేవడమే ఆయన పని. ఆ తుండు కింద ఆడది చెయ్యి పెట్టడం నేను చూడలేదు.

"ఒక వేలు అంటే మానేసేది. రెండు అంటే మాత్ర. మూడు అంటే కత్తి" అన్నాడు. "ముందు నువ్వు రామ్మా" అని మరదలిని పిలిచాడు.

"నాకూ బేరమా మామా? నేనేమి ఎద్దును కొనేదాన్నా?"

"కొనేదానివి కాదు, మేపేదానివి. నీ మాటే ముందు."

మరదలు చెయ్యి తుడుచుకుని తుండు కింద పెట్టింది. కొంగుతో ముఖం కప్పుకుని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. తరువాత తమ్ముడు. చెయ్యి తీసుకుని ఎడ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

తరువాత నేను.

ఎవరికీ చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్నాను. పెద్దకూతురిని, రోజుకు రెండు పూటలా దేవుడి ముందు కూర్చునేదాన్ని. నాయనను ఇంకొన్నాళ్ళు ఉంచమని నేను అడిగి ఉంటానని మీరనుకుంటారు. నేను ఒక వేలే పట్టుకున్నాను. మానేయమన్నాను. పొద్దున ఆయన తుండు అదుముకున్న చేతులే నా కళ్ళ ముందు ఉన్నాయి. ఎండకూ వానకూ ఒళ్ళు దాచుకోని మనిషి కన్నకూతురి దగ్గర దాచుకున్నాడు. ఆయన ఆయువు కన్నా ఆయన మానం నిలపడమే నా పని అనుకున్నాను. నేను అనుకున్నది అంతే.

నాయన నా చెయ్యి వదలలేదు.

సంతలో దళారి చెయ్యి వదలకపోతే, బేరం తెగలేదు, మళ్ళీ చెప్పు అని అర్థం. ఆయన బొటనవేలు నా వేలి మీద ఆనించి ఉంచాడు. ఒత్తలేదు. ఆయన కళ్ళు నా వైపు లేవు, చింతకొమ్మల వైపు ఉన్నాయి. నేను లోపల నామం చెప్పుకుంటున్నాను. మూడుసార్లు చెప్పుకున్నాను. రెండో వేలు పట్టుకోవడానికి నాకు వ్యవధి ఉంది. పట్టుకోలేదు. అప్పుడు వదిలాడు.

ఆ తరువాత పద్నాలుగు నెలలు ఆయన మా మధ్య ఉన్నాడు. ఒక్క దినమైనా, మాటతో గాని చూపుతో గాని, ఆ వేలి సంగతి నాకు గుర్తు చేయలేదు. కోపంతో మాటలతో పొడిచినప్పుడు కూడా చేయలేదు. చివరి రెండు నెలలు నొప్పి తిరగబడి, నేను పోసిన అంబలి విసిరికొట్టిన దినాలున్నాయి. "చేతికి రాయి కట్టుకొని వస్తావా, మెల్లగా తిప్పలేవా?" అని కసిరిన దినాలున్నాయి. ఆ మాట మాత్రం రాలేదు. తమ్ముడూ మరదలూ ఎన్ని వేళ్ళు పట్టారో నాకు తెలియదు. మేము ముగ్గురం ఒకరినొకరు అడగలేదు. ఆయన పోయాక ఒక సాయంత్రం తమ్ముడు నా పక్కన కూర్చుని, "అక్కా, ఆ దినం..." అని ఆగిపోయాడు. నేను అడగలేదు. వాడు చెప్పలేదు. ముగ్గురి మాటా తెలిసిన ఒక్క మనిషి లేడు.

ఈ మధ్య పొద్దున నీళ్ళు తోడుతూ, నాలుగో చేద దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఎవరి కోసం ఆగానో తెలిసి మళ్ళీ తోడతాను. ఇంట్లో మనుషులున్నారు. నన్ను వదినా అంటారు, అక్కా అంటారు, అత్తా అంటారు. ఆ పిలుపులన్నీ నేను పెద్దదాన్నని చెప్పేవే.

ఆ సాయంత్రం దగ్గరికి వస్తాను.

నాయన తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. తమ్ముణ్ణి దగ్గరికి పిలిచాడు. మరదలు పొయ్యి దగ్గర నుంచి వచ్చి గడప మీద నిలబడింది.

"బేరం తెగింది" అన్నాడు. "ఎవరు ఏమన్నారో ఎవరూ ఎవరినీ అడగొద్దు. నన్నూ అడగొద్దు. మాత్ర తింటాను. కత్తి వద్దు. ఏమి మాత్ర అని ఎవరైనా అడిగితే దాచొద్దు. ముసలోడు ఎద్దయినాడని చెప్పండి, నవ్వేవాళ్ళు నవ్వుతారు. మాత్ర పని చేయని దినం ఒకటి వస్తుంది. ఆ దినం నన్ను మళ్ళీ ఆ కనుమ దాటించొద్దు. ఇంట్లోనే ఉంటాను."

తమ్ముడు సరేనన్నాడు.

"మాత్ర తెచ్చేది నీ పని."

"సరే నైనా."

"ఇంక వాతం గీతం అనకుండా అంబలితో ఇచ్చేది నీ పనమ్మా."

"ఇస్తాను మామా. వద్దంటే ముక్కు మూసి పోస్తాను."

"పోస్తావులే, నాకు తెలుసు."

నా పని ఏమిటో చెబుతాడని చూశాను. రెండు నెలలుగా మాత్ర ఇచ్చిన చెయ్యి నాది. దాన్ని నా నుంచి తీసేశాడు. ఒళ్ళు తుడవడం గురించి కూడా ఏమీ అనలేదు. నేను లేచి కల్లాపి చెంబు చేతికి తీసుకున్నాను, దీపం వేళ అయిందని.

"అది పెట్టెయ్" అన్నాడు నాయన. "వీళ్ళిద్దరికీ పని చెప్పినాను. నువ్వు నా పక్కన సుమ్మా, ఊరికే కూర్చో పాపా."

మంచం మధ్యలో కూర్చున్నవాడు చెయ్యి ఆనించి, నడుము ఎత్తి, మెల్లగా ఒక పక్కకు జరిగాడు. రెండు నెలల కిందట ఆ జరగడం ఆయనకు చేతకాదు. నొప్పి లేకుండానే జరిగాడు. నులక మీద నాకు చోటు చేసి, దాన్ని అరచేత్తో ఒకసారి దులిపాడు.